దుమ్ము పనిలో దగ్గు మామూలేనా? వ్యవసాయ పనుల్లో వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, తీసుకోవలసిన జాగ్రత్తలు

నూర్పిళ్ల కాలం వచ్చిందంటే ఊళ్లో దగ్గులు మొదలవుతాయి. హార్వెస్టర్ వెనక నిలబడినవారు, కుప్ప నూర్చినవారు, మొక్కజొన్న మిషను దగ్గర బస్తాలు పట్టినవారు రెండు మూడు రోజులు దగ్గుతారు. నల్లటి కళ్లె ఉమ్ముతారు. ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకుని "దుమ్ము పని కదా, మామూలే" అని సరిపెట్టుకుంటారు. చాలామందికి అది నిజంగానే రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ వ్యాసం తగ్గనివారి గురించి: ఏటా అదే పనికి అదే దగ్గు వస్తున్నవారు, నాలుగేళ్ల కిందట సునాయాసంగా ఎత్తిన బస్తా ఇప్పుడు ఎత్తితే ఆయాసపడుతున్నవారు, వయసు మీద పడిందని అనుకుంటున్నవారు.

బెల్లం గురించి ముందే ఒక మాట. గొంతుకు అది హాయిగా ఉంటుంది, తినండి. కానీ తిండి దారి వేరు, ఊపిరి దారి వేరు. ఊపిరితిత్తిలోకి పోయిన దుమ్మును బెల్లం బయటకు తేలేదు.

ఏ దుమ్ము ఎంత లోపలికి పోతుంది?

కంటికి కనబడే నలుసు పెద్దగా భయపెట్టేది కాదు. అది ముక్కు వెంట్రుకల్లోనో, గొంతు జిగురులోనో ఆగి చీమిడితోనో కళ్లెతోనో బయటకు వస్తుంది. భయపడాల్సింది కనబడని దుమ్ముకు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. 5 మైక్రాన్ల కన్నా చిన్న కణాలు ఊపిరి గొట్టాలన్నీ దాటి, చివర ఉండే గాలి గదుల దాకా చేరగలవు. బూజు విత్తనాలు, పొగలోని మసి, పత్తి దుమ్ములో ఉండే సూక్ష్మజీవుల విషపదార్థాలు ఈ కోవలోకి వస్తాయి.

అక్కడికి చేరిన దుమ్మును తొలగించడానికి శరీరం పోరాడుతుంది. ఆ పోరాటమే వాపు. కాలికి ముల్లు గుచ్చుకుంటే చుట్టూ ఎర్రబడి వాచినట్టే ఊపిరి గొట్టాల లోపలి పొర కూడా వాస్తుంది. ముల్లు తీసేస్తే కాలి వాపు తగ్గుతుంది. దుమ్ము ఏటా, నెలల తరబడి పోతూనే ఉంటే మాత్రం వాపు స్థిరపడిపోతుంది. గొట్టాలు మందమై ఇరుకవుతాయి, గాలి గదుల గోడలు తెగిపోతాయి. దీన్నే వైద్యులు సీఓపీడీ అంటారు. కొందరిలో గాలి గదుల చుట్టూ ఉండే మెత్తని కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది, అది ఫైబ్రోసిస్. ఈ రెండింటిలోనూ ఒకసారి పోయిన భాగం తిరిగి రాదు. మందులు ఉన్నదాన్ని కాపాడడానికే. త్వరగా గుర్తించమని ఇంతగా చెప్పేది అందుకే.

సీఓపీడీ అనగానే చుట్ట, బీడీ గుర్తొస్తాయి. అవే ప్రధాన కారణం, అందులో సందేహం లేదు. అయితే అమెరికా, ఐరోపా ఊపిరితిత్తుల వైద్యుల సంఘాలు ప్రపంచవ్యాప్త అధ్యయనాలను క్రోడీకరించి 2019లో వెలువరించిన అంచనా ప్రకారం సీఓపీడీలో సుమారు 14 శాతం పని ప్రదేశంలో పీల్చే దుమ్ము, పొగ, ఆవిరుల వల్లే వస్తోంది. పెద్దయ్యాక మొదలయ్యే ఉబ్బసంలో ఈ వాటా సుమారు 16 శాతం. బీడీ ముట్టని మనిషికి ఊపిరితిత్తుల జబ్బేమిటని ఆశ్చర్యపోవలసిన పని లేదు. ఇక దుమ్ము పని చేస్తూ బీడీ కూడా తాగేవారిలో రెండు నష్టాలూ కలుస్తాయి.

తడిసిన గడ్డి: రైతులు అందరికన్నా తక్కువగా గుర్తించే ప్రమాదం

కోత సమయంలో తుపాను వస్తే ఏమవుతుందో డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన వరి పనలు నీళ్లలో నానాయి. అలాంటి ఏడాది గింజ నష్టం గురించి అందరం మాట్లాడుకుంటాం. సరిగా ఆరని గడ్డిని వాము వేస్తే ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ పట్టించుకోరు.

తేమతో వేసిన గడ్డివాము, గట్టిగా చుట్టిన గడ్డి మోపు లోపల వేడెక్కుతాయి. వేడి 50, 60 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలోనే బాగా పెరిగే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. గడ్డి బూడిద రంగుకు తిరిగి, విదిలిస్తే పొడిలా లేచే తెల్లటి దుమ్ము వాటిదే. వాటి విత్తనాలు సుమారు ఒక మైక్రాను సైజులో ఉంటాయి కాబట్టి నేరుగా గాలి గదుల్లోకి పోతాయి. వాటి మీద కొందరి శరీరం అలర్జీతో తిరగబడుతుంది. ఈ జబ్బును ఇంగ్లండులో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు 1932లో బూజుపట్టిన ఎండుగడ్డితో పనిచేసిన రైతుల్లో వివరించాడు. ఆ తర్వాత దీనికి 'ఫార్మర్స్ లంగ్', అంటే రైతు ఊపిరితిత్తి అనే పేరు వచ్చింది. వైద్య పరిభాషలో హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు.

దీన్ని పట్టుకోవడం కష్టం. కారణం దాని వేళ. ఉదయం పశువుల కొట్టంలో బూజు గడ్డి విదిలిస్తారు, అప్పుడేమీ అనిపించదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత, అంటే సాయంత్రానికో రాత్రికో, చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు, ఛాతీ బిగపట్టడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మలేరియా అనో వైరల్ జ్వరం అనో మందులు వాడతారు, తగ్గింది కాబట్టి మందు పనిచేసిందనుకుంటారు. వారం తర్వాత మళ్లీ గడ్డి, మళ్లీ జ్వరం. అందుకే మీకు చెప్పేది ఇదే: జ్వరం వచ్చిన ప్రతిసారీ దానికి ముందు రోజు ఏ పని చేశారో గుర్తుచేసుకోండి. మూడుసార్లు ఒకే పని తేలితే అది మామూలు జ్వరం కాదని అనుమానించాలి.

రోజూ కొద్దికొద్దిగా పీల్చేవారిలో జ్వరం కూడా రాకపోవచ్చు. తగ్గని పొడి దగ్గు, మెట్టెక్కితే ఆయాసం, బరువు తగ్గడం, వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు చిలుక ముక్కులా వంగడం కనబడతాయి. అప్పటికే మచ్చ మొదలై ఉంటుంది.

బూజు గడ్డిని పశువులకు కూడా వేయకండి. బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెల్లో తోక, చెవులు, గిట్టల దగ్గర కుళ్లిపోయే డెగ్నాలా జబ్బు వస్తుంది. మనిషి ఊపిరికీ గేదె తోకకూ శత్రువు బూజే. గడ్డిని బాగా ఎండబెట్టి, తేమ 15 శాతానికి మించకుండా చూసి మోపు చుట్టించండి. చేత్తో మెలిపెడితే పెళుసుగా విరగాలి, వంగిపోతే ఇంకా తేమ ఉన్నట్టే. వాము కింద కట్టెలు వేసి, నేల తేమ తగలకుండా ఎత్తు చేయండి. ఇప్పటికే బూజు పట్టిన వాము ఉంటే విదిలించకుండా పైన నీళ్లు చల్లి తడిపి, ఆరుబయట, మాస్కు పెట్టుకుని తీసి ఎరువు గుంటలో వేయండి. నిల్వ చేసే మంచి గడ్డి మీద మాత్రం నీళ్లు చల్లకూడదు, అది కొత్త బూజుకు దారి తీస్తుంది.

పత్తి, మిర్చి, పసుపు

జిన్నింగ్ మిల్లుల్లో, స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవారికి బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుంది. దీని గుర్తు విచిత్రంగా ఉంటుంది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి వెళ్లిన రోజే ఛాతీ పట్టేసినట్టు, ఆయాసంగా ఉంటుంది, మంగళ, బుధవారాలకు సర్దుకుంటుంది. మొదట్లో ఇలా వారానికి ఒక రోజే ఉంటుంది. పట్టించుకోకపోతే రెండు రోజులవుతుంది, చివరికి వారమంతా ఉంటుంది. నూలు పోగు కన్నా, పత్తితో కలిసి వచ్చే ఎండుటాకు, తొడిమ, పొట్టు, వాటి మీది సూక్ష్మజీవుల వల్లే ఎక్కువ హాని. అంటే చేలో పత్తి తీసేటప్పుడే ఆకు, పొట్టు అంటకుండా శుభ్రంగా తీస్తే మీకు ధర, మిల్లులో పనిచేసేవారికి ఊపిరి, రెండూ దక్కుతాయి.

మిర్చి విషయంలో అందరికీ తెలిసిన ఘాటు వేరు, తెలియని హాని వేరు. కాయ ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ దగ్గు నరాలను రెచ్చగొడుతుంది, ఆ ఘాటు దగ్గు బయటకు రాగానే తగ్గిపోతుంది. కానీ కళ్లంలో తేమ తగిలిన కాయల్లో బూజు ఉంటుంది, చివరి పిచికారీల అవశేషాలు ఉంటాయి. తాలు కాయలు వేరుచేయడానికి, తొడిమలు తీయడానికి మూసిన గదిలో రోజంతా కూర్చునే ఆడకూలీలు ఇవన్నీ కలిపి పీలుస్తారు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఈ పనితో బతికే కుటుంబాలు ఎన్నో. గ్రేడింగ్ రేకుల షెడ్డులో కాకుండా గాలి ఆడే పందిరి కింద పెట్టించండి. గది తప్పకపోతే ఒకవైపు గాలి వచ్చేలా, ఎదురువైపు పోయేలా ఫ్యాను పెట్టండి. కూలీల ముఖాల మీదుగా దుమ్ము కొట్టే ఫ్యాను మాత్రం లేకపోవడమే మేలు. పసుపు పాలిష్ డ్రమ్ముల దగ్గర కూడా ఇదే సూత్రం: డ్రమ్ము గాలివాలుకు ఉండాలి, మనిషి గాలి వచ్చే వైపు ఉండాలి.

కోళ్ల షెడ్డు, పావురాలు, ఇంట్లో కూలరు

కోళ్ల షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండాయంటే అమ్మోనియా పరిమితి దాటిందని అర్థం. 25 పీపీఎం మించకూడదని లెక్క. రోజూ అదే షెడ్డులో ఉండేవారి ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది కాబట్టి బయటినుంచి వచ్చినవారు చెప్పిందే నమ్మండి. లిట్టరు తడవకుండా నీళ్ల నిప్పిళ్ల కారుడు ఆపడమే దీనికి అసలు మందు. తడి లిట్టరు మీద సున్నం చల్లితే ఆ కాసేపు అమ్మోనియా ఇంకా ఎక్కువగా విడుదలవుతుంది, చల్లిన వెంటనే లోపల పని పెట్టుకోకండి. ఎరువు ఎత్తే రోజు కర్టెన్లన్నీ పైకెత్తండి.

పావురాల రెట్ట, ఈకల దుమ్ము కూడా రైతు ఊపిరితిత్తి లాంటి జబ్బునే తెస్తాయి. మరో సంగతి చాలామందికి కొత్తగా ఉండవచ్చు. భారతదేశంలో 27 ఆస్పత్రుల్లో 1,084 మంది రోగులను పరిశీలించి 2017లో ప్రచురించిన నమోదులో, ఊపిరితిత్తి కణజాలం దెబ్బతినే జబ్బుల్లో దాదాపు సగం ఈ అలర్జీ రకమేనని తేలింది. ఆ సగంలో మళ్లీ దాదాపు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లు వాడుతున్నవారు. కూలరు గడ్డి తడిగా, మురికిగా ఏళ్ల తరబడి ఉంటే అదీ ఓ చిన్న బూజు వామే. ఎండాకాలం మొదట్లో కూలరు గడ్డి మార్చండి, తొట్టి నీళ్లు తరచూ పారబోసి కడగండి.

పొయ్యి పొగ

పొలం దుమ్ము కన్నా ఎక్కువకాలం, ఎక్కువ దగ్గరగా పీల్చేది పొయ్యి పొగే. పీల్చేది ఇంటి ఆడవారు, వాళ్ల ఒళ్లో పిల్లలు. పొగతాగని ఆడవారిలో సీఓపీడీ రావడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం మొదలయ్యాక గ్యాసు చాలా ఇళ్లకు చేరింది. అయినా స్నానాల నీళ్లు, పశువుల దాణా ఉడికించడం, పండగ వంటలు ఇప్పటికీ కట్టెల మీదే. పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు ఊరికే దొరుకుతాయి కదా! కనీసం ఆ పొయ్యిని వంటింట్లోంచి తీసి పెరట్లో, గాలి ఆడేచోట పెట్టండి. పత్తి కట్టె మీద పురుగుమందు పడి ఉంటుంది, వంటచెరకుగా వాడకపోవడమే మంచిది. పిల్లల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టకండి.

వరి కొయ్యకాళ్లు తగలబెట్టినప్పుడు వచ్చే పొగ కూడా ఇలాంటిదే, కాకపోతే ఊరంతా కలిసి పీలుస్తుంది. గడ్డి మోపులు చుట్టించడం, రోటవేటరుతో నేలలో కలపడం మేలు. ఊళ్లో ఉబ్బసం ఉన్నవారికి ఆ వారం ఎలా గడుస్తుందో ఎవరినైనా అడిగి చూడండి.

వ్యవసాయం లేని నెలల్లో

సాగు లేని కాలంలో గ్రానైటు క్వారీలకు, కంకర క్రషర్లకు, రైసు మిల్లులకు కూలికి వెళ్లేవారు ఉన్నారు. రాతి దుమ్ములోని సిలికా వల్ల సిలికోసిస్ వస్తుంది, సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం చాలా ఎక్కువ. ఊక బూడిదలోనూ అధికభాగం సిలికాయే, బాయిలర్ బూడిద ఎత్తే పని తేలికైనదని అనుకోవద్దు, బూడిదను తడిపే ఎత్తండి. డాక్టరుకు చూపించుకునేటప్పుడు ఈ కూలిపనులను కూడా తప్పక చెప్పండి. "వ్యవసాయం" అని ఒక్క మాటతో ఆపేస్తే సగం కారణం దాచినట్టే.

తువాలు చాలదు

తలగుడ్డను ముక్కుకు చుట్టుకోవడం మనకు అలవాటు. పెద్ద నలుసుల్ని అది ఆపుతుంది, సన్నటి దుమ్మును ఆపదు. తడిపి కట్టుకున్నా పక్కల సందుల్లోంచి గాలి పోతూనే ఉంటుంది. ఎన్95 మాస్కు 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది, అదీ ముఖానికి సరిగ్గా అతుక్కుంటేనే. తలకు రెండు పట్టీలూ పెట్టుకోవాలి, ముక్కు మీది రేకు నొక్కాలి, గట్టిగా ఊదితే పక్కల నుంచి గాలి రాకూడదు. గడ్డం ఉంటే అతుక్కోదు. ఊపిరి తీయడం బరువుగా అనిపిస్తే, తడిస్తే, మురికైతే మార్చాలి. ఉతకకూడదు.

ఎన్95 దుమ్ముకే. పురుగుమందు ఆవిరి, అమ్మోనియా, గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లల వాయువు, వీటిని అది ఆపలేదు. పిచికారీకి కార్ట్రిడ్జి మాస్కు కావాలి. ఆ బిళ్లల పని శిక్షణ ఉన్నవారికే వదలండి, బిళ్లలు పెట్టిన గోదాములోకి గాలి ఆడకముందే వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

మాస్కుకు ముందు పని తీరు మార్చడం ముఖ్యం. నూర్పిడి మిషను దగ్గర గాలి మీ వీపు వైపు నుంచో పక్క నుంచో వచ్చేలా నిలబడండి. మిషను నోటి దగ్గర ఒకే మనిషిని రోజంతా ఉంచకుండా గంటకోసారి మార్చండి. పని అయ్యాక ఆ బట్టలతోనే ఇంట్లోకి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి. ఇంట్లో ఇప్పటికే ఉబ్బసం ఉన్న మనిషికి నూర్పిడి పని కాకుండా లెక్కలు, బస్తాల కుట్టు లాంటి పని అప్పగించండి. "ఇంతకాలం చేశాడు కదా" అనుకోవద్దు, ఆయాసం వచ్చింది ఆ ఇంతకాలం వల్లే.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు? ఏ పరీక్ష?

రెండు వారాలు మించిన దగ్గు ఉంటే మొదట కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్షయకు ఈ పరీక్ష, మందులు ఉచితం. క్షయ లేదని తేలాక కూడా దగ్గు, ఆయాసం తగ్గకపోతే చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు చేయించవలసిన పరీక్ష అప్పుడే మొదలవుతుంది. దాని పేరు స్పైరోమెట్రీ. ఒక గొట్టంలో బలంగా, చివరిదాకా ఊదాలి. సూది లేదు, నొప్పి లేదు. బోధనాసుపత్రుల ఛాతీ వైద్య విభాగాల్లో చేస్తారు. గొట్టాలు వెడల్పు చేసే మందు పీల్పించాక, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చినది 0.70 వంతు కన్నా తక్కువ ఉంటే గొట్టాలు ఇరుకైనట్టు. రైతు ఊపిరితిత్తి అనుమానం ఉంటే ఛాతీ సీటీ స్కాన్ కూడా కావాలి, మామూలు ఎక్స్‌రేలో అది తప్పిపోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆయాసానికి ఊళ్లో డెక్సా లాంటి స్టెరాయిడ్ సూది వేయించుకుంటే గంటల్లో హాయిగా ఉంటుంది. అందుకే ఆ సూది వేసేవారికి పేరు వస్తుంది. పరీక్ష లేకుండా నెలనెలా అదే వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, దాగి ఉన్న క్షయ బయటపడుతుంది. లోపల గొట్టాల నష్టం అలాగే సాగుతుంది. నిపుణుడు జబ్బు నిర్ధారించి, మోతాదు చెప్పి ఇచ్చే స్టెరాయిడ్ వేరు, దాన్ని మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు. ఇన్‌హేలర్ అంటే "అలవాటైపోతుంది" అని భయపడేవారు ఎక్కువ. ఇన్‌హేలర్‌లో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టాలకే చేరుతుంది. బిళ్ల, సూది కన్నా చాలా సురక్షితం.

పెదవులు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

మిల్లు కార్మికులకు ఒక సంగతి. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్, చెరకు పిప్పి దుమ్ముతో వచ్చే బగాసోసిస్, సేంద్రియ దుమ్ము వల్ల వచ్చే అలర్జీ న్యుమోనైటిస్ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం జాబితాలోనే వృత్తి జబ్బులుగా ఉన్నాయి. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఈఎస్ఐ ఉన్నవారు ఈఎస్ఐ ద్వారానే అడగాలి. ఏళ్ల పని రుజువుకు హాజరు చీటీలు, జీతం రసీదులు దాచుకోండి. సొంత పొలంలో జబ్బుపడ్డ రైతుకు మాత్రం ఇలాంటి పరిహారం లేదు. అన్యాయమే, కానీ ప్రస్తుతం పరిస్థితి అదే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఏ పనులు, ఎన్నేళ్లు, ఏ నెలల్లో ఎక్కువ, పని ఆపితే తగ్గుతుందా, ఇంట్లో పొయ్యి ఏది, కోళ్లు, పావురాలు, కూలరు ఉన్నాయా, బీడీ ఎన్నేళ్లు. స్పైరోమెట్రీ కాగితం ఇస్తే పట్టాదారు పాసుపుస్తకంతో పాటే భద్రపరచండి. రెండేళ్ల తర్వాత మళ్లీ ఊదినప్పుడు ఎంత తగ్గిందో, ఎంత నిలిచిందో పోల్చి చెప్పడానికి డాక్టరుకు ఆ పాత కాగితమే ఆధారం.